నా మాట మీద స్తంభం ఎక్కినవాడు

మెదడుకి టీబీ సోకి ఎనిమిది నెలలు మెడికల్ లీవులో ఉండి, కరోనాకి రెండేళ్ళ ముందు శ్రావణమాసంలో తిరిగి డ్యూటీలో చేరాను. రాజోలు అవతల కాలవ గట్టు పక్కన ఉన్న చిన్న సబ్‌స్టేషను అది. హోదాకి లైన్ ఇన్‌స్పెక్టర్ని, చేసేది షిఫ్ట్ ఆపరేటరు పని. ముప్ఫైమూడు వేల వోల్టుల్లో వచ్చిన కరెంటు అక్కడ పదకొండు వేలకి తగ్గి, ఫీడర్లనే వేరువేరు లైన్ల మీద చుట్టుపక్కల ఊళ్ళకి పోతుంది. ఏ ఫీడరు ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు ఇవ్వాలో చూసుకునేవాడే ఆపరేటరు. ఒక కుర్చీ, ఒక ఫోను, ఎదురుగా బీరువాల్లాగ వరుసగా ప్యానెళ్ళు. బయటివాళ్ళ కంటికి మేము కూర్చుని జీతం తినేవాళ్ళం.

ఆ కుర్చీలో ఉన్నవాడి అసలు పని లైన్ క్లియర్ ఇవ్వడం. మేము ఎల్.సి. అంటాం. మా కోనసీమలో గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, కొబ్బరి మట్ట వచ్చి లైను మీద పడుతుంది. దాన్ని తియ్యాలంటే లైన్‌మన్ స్తంభం ఎక్కాలి. ఎక్కేముందు ఆపరేటర్ని ఎల్.సి. అడుగుతాడు. ఆపరేటరు ఆ ఫీడరు బ్రేకరు ట్రిప్ చేసి, అంటే కరెంటు ఆపేసి, యార్డులోకి వెళ్ళి లైనుని విడదీసే ఏబీ స్విచ్ హ్యాండిల్ దించి, పైన మూడు బ్లేడ్లూ విడిపోయాయో లేదో కళ్ళతో చూసి, హ్యాండిల్‌కి తాళం వేసి చెవి జేబులో వేసుకుంటాడు. ప్యానెల్‌కి ‘మనుషులు పనిచేస్తున్నారు’ అన్న బోర్డు తగిలిస్తాడు. అప్పుడు ఫీడరు పేరు చెప్పి, ఎల్.సి. ఇచ్చాను అంటాడు. లైన్‌మన్ ఆ పేరు తిరిగి చెప్పాలి. ఆ తర్వాత కూడా, తీగ ముట్టుకునేముందు ఎర్త్ రాడ్లు తగిలించాలి. పొరపాటున లైన్లో కరెంటుంటే అది మనిషిలోంచి కాకుండా రాడ్లలోంచి భూమిలోకి దిగిపోతుంది. ఇంత పద్ధతి ఉన్నా, చివరికి లైన్‌మన్ ఎక్కేది ఆపరేటరు మాట మీదే.

కాకినాడ డాక్టరు గారు నాకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చారు. నడక బాగుంది, చూపు బాగుంది, చెయ్యి వణకడం లేదు. మాట దగ్గర మాత్రం చిన్న లోపం మిగిలింది. చెప్పాల్సిన పేరు నాలిక దాకా వచ్చి ఒక్క క్షణం ఆగిపోయేది. అప్పుడప్పుడు, చేసిన పని చేశానా లేదా అన్నది కూడా చప్పున గుర్తొచ్చేది కాదు. క్రమేణా తగ్గుతుందన్నారు ఆయన. ఇంట్లో మా ఆవిడ గ్యాసు కట్టేశారా అని నన్ను అడగడం మానేసి, తనే వెళ్ళి చూసి వచ్చేది. నేను చూడనట్టు ఊరుకునేవాణ్ణి.

తిరిగి చేరిన రోజు అందరూ వచ్చారు. బొండాలు కొట్టించారు. కుర్చీ తుడిచి మరీ కూర్చోబెట్టారు. ఒంట్లో ఎలా ఉందండీ అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. అప్పుడు సంతోషించాను, వెర్రివాణ్ణి. నాలుగు రోజులు పోయాక గాని బుర్రకెక్కలేదు, నన్నెవడూ వెటకారం ఆడటం లేదని. జబ్బుకి ముందు లైన్‌మన్లు ఫోను చేస్తే చాలు, “ఏవండోయ్ సూరిబాబు గారూ, కరెంటిచ్చి పుణ్యం కట్టుకోండి, మీ తాతగారి ఆస్తేం కరిగిపోదు” అనేవారు. నేను దానికి రెండు తగిలించేవాణ్ణి. ఇప్పుడు ఏం చెప్పినా “ఆయ్, అలాగేనండీ” తప్ప ఇంకో మాట లేదు. మా వైపు మనిషిని వెటకారం ఆడటం మానేశారంటే వాడు పరాయివాడైనా అయ్యుండాలి, చావు బతుకుల్లోనైనా ఉండాలి.

తర్వాత ఫోను కూడా తగ్గిపోయింది. శ్రావణంలో గాలివాన రోజులు. మట్టలు పడుతున్నాయి, ఫీడర్లు ట్రిప్పవుతున్నాయి, నా ఉదయం షిఫ్టులో మాత్రం ఎల్.సి. అడిగేవాడు లేడు. కరెంటు పోయిన ఊళ్ళు పోయినట్టే ఉండేవి. మధ్యాహ్నం రెండింటికి నన్ను దింపడానికి వేరే ఆపరేటరు వచ్చి కుర్చీలో కూర్చోగానే ఫోను మోగేది. యాదృచ్ఛికమనుకున్నాను. నిజం చెప్పాలంటే, అలా అనుకోవాలని గట్టిగా ప్రయత్నించాను.

ఆ ప్రయత్నం కూడా సాగనివ్వలేదు ఒక రొయ్యల చెరువు రైతు. లంక ఫీడరు పొద్దుటి నుంచి ఆగిపోయి ఉందని సరాసరి సబ్‌స్టేషనుకే వచ్చేశాడు. “ఏవండీ, మీరు దిగేదాకా లైను చెయ్యరంటండీ. రెండింటికి వేరే ఆయన వస్తారంట, అప్పుడు చేస్తారంట. చెరువులో గాలి మోటార్లు ఆగిపోయాయండీ. అప్పటిదాకా నా రొయ్యలు ఊపిరి బిగబట్టుకుని ఉంటాయాండీ?” అన్నాడు. అతనిది కడుపుమంట, నన్ను అవమానించాలని కాదు. మా కుర్రాళ్ళు ఊరందరి చేతా తిట్లు తింటూ గట్టు మీద కూర్చుంటున్నారు గాని, నా నోటితో ఇచ్చిన ఎల్.సి. మీద స్తంభం ఎక్కడం లేదన్నమాట. ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే నీరసం ముంచుకొచ్చింది.

ఏసురత్నం నాతోపాటే హెల్పరుగా చేరినవాడు. ఇద్దరం ఒకే బ్యాచ్, ఒకే స్తంభాల మీద పని నేర్చుకున్నాం. తర్వాత నేను కుర్చీలోకి వచ్చాను, వాడు సీనియర్ లైన్‌మన్‌గా ఉండిపోయాడు. ఆదివారం వాడు చర్చి నుంచి వస్తుంటే దార్లో ఆపి అడిగాను. దాచలేదు. “కుర్రాళ్ళు భయపడుతున్నార్రా. ఫోన్లో నువ్వు ఫీడరు పేరు చెప్పడానికి ఆగుతుంటే ఆళ్ళకి గుండె జారిపోతంది. పెళ్ళాం బిడ్డలున్నోళ్ళు. నీకెలా చెప్పాలో తెలీక నేనూ నోరు మూసుకున్నాను” అన్నాడు. నేను రోడ్డు మీదే ఏడ్చేశాను. సిగ్గేమీ అనిపించలేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ కుర్చీలో ఒక్క పొరపాటు చెయ్యలేదు, రోగం తెచ్చుకున్నది నేను కాదు, ఇంక నేను బతికి వచ్చింది ఎందుకురా అన్నాను. వాడు, “రేపు లంక ఫీడరు మీద ఇన్సులేటరు మార్చాలి. నేనే వస్తాను, నీ దగ్గరే తీసుకుంటాను. ఈ నాటకం ఆపించేస్తాను” అన్నాడు.

అన్నట్టే వచ్చాడు. స్తంభం కాలవకి అవతలి గట్టు మీద, మా యార్డులోంచి కనిపించేంత దగ్గర్లో ఉంది. వాడి వెనకాల కుర్రాళ్ళు నలుగురైదుగురు. నేను బ్రేకరు ట్రిప్ చేశాను. యార్డులోకి వెళ్ళి హ్యాండిల్ దించి, బ్లేడ్లు చూసి, తాళం వేసి, చెవి చొక్కా జేబులో పడేశాను. బోర్డు తగిలించాను. ఫీడరు పేరు దగ్గర నాలిక ఆగింది. వాడు అందించలేదు, ఓపిగ్గా నిలబడ్డాడు. “లంక ఫీడరు, ఎల్.సి. ఇచ్చాను” అన్నాను. “లంక ఫీడరు, తీసుకున్నాను రా” అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వుకి నాకు ప్రాణం లేచొచ్చింది.

వంతెన దాటి వెళ్ళి స్తంభం ఎక్కడం మొదలుపెట్టాడు. ఎర్త్ రాడ్లు కింద గడ్డిలో అలాగే ఉన్నాయి. ఒక కుర్రాడు వాటిని అందించబోతే వద్దని చెయ్యి ఊపాడు. సూరిబాబు ఇచ్చిన ఎల్.సి.కి రాడ్లెందుకురా అన్నాడట. తర్వాత తెలిసింది. అది పద్ధతి కాదు, మూర్ఖత్వం. అందరి ముందూ నా మాటకి విలువ కట్టడానికి వాడు తన ప్రాణాన్ని పెట్టాడు.

యార్డులో నిలబడి చూస్తున్న నాకు ఉన్నట్టుండి సందేహం పట్టుకుంది. నేను ఆపింది లంక ఫీడరేనా, దాని పక్కదా? లోపలికి పరిగెత్తాను. లంక ప్యానెల్ మీద ఆకుపచ్చ లైటుంది, అంటే బ్రేకరు తెరిచే ఉంది, లైన్లోకి కరెంటు పోవడం లేదు. బోర్డుంది. సరే అనుకుని బయటికి వచ్చాను. గుమ్మం దాటేసరికి, ఇందాక చూసింది ఏ ప్యానెల్ అన్న అనుమానం వచ్చింది. మళ్ళీ లోపలికి వెళ్ళాను. మళ్ళీ వచ్చాను. పైన బ్లేడ్లు విడిపోయి కళ్ళెదుట ఉన్నాయి. జేబులోంచి తీసిన తాళంచెవి నా గుప్పిట్లో ఉంది. అయినా నాకు నమ్మకం కలగలేదు. అవతల ఏసురత్నం పైకి చేరి నడుముకి బెల్టు బిగించుకుని తీగ వైపు చెయ్యి చాపుతున్నాడు.

“దిగరా! ఒరే ఏసూ, దిగిపోరా!” అని కాలవ గట్టు మీదకి పరిగెత్తి అరిచాను. గొంతు చించుకుని అరిచాను. కుర్రాళ్ళు కొయ్యబారిపోయారు. వాడు చెయ్యి వెనక్కి తీసుకుని, మెల్లగా దిగి, వంతెన దాటి నా దగ్గరికి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏమైందని అడిగాడు. ఏమీ అవలేదన్నాను. మరెందుకు పిలిచావన్నాడు. రాడ్లు వేసుకో అన్నాను.

వాడు కంట్రోల్ రూములోకి వెళ్ళాడు. మా ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేనిచ్చిన ఎల్.సి.ని వాడు లోపలికొచ్చి సరిచూసుకోవడం అదే మొదలు. ప్యానెల్ చూశాడు, బోర్డు చూశాడు, యార్డులోకి వెళ్ళి బ్లేడ్లు చూశాడు, హ్యాండిల్ తాళం లాగి చూశాడు. తిరిగొచ్చి, “అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదరా” అన్నాడు. కోపంగా అంటే బాగుండేది. జ్వరం వచ్చిన పిల్లాడితో మాట్లాడినట్టు అన్నాడు.

వెళ్ళి రాడ్లు తగిలించి, ఇన్సులేటరు మార్చి, పనంతా అయ్యాక రాడ్లు తీసి, మనుషులందరూ దిగారని చూసుకుని వచ్చాడు. పని ముగిశాక లైన్‌మన్ ఎల్.సి. తిరిగి అప్పగించాలి. అప్పుడే లైను ఛార్జి చెయ్యాలి, అంటే మళ్ళీ కరెంటివ్వాలి. గుమ్మంలోనే నిలబడి, “లంక ఫీడరు, ఎల్.సి. రిటర్నండీ” అన్నాడు. ఎప్పుడూ ఒరే తప్ప నన్ను ఇంకోలా పిలవనివాడు అండీ అన్నాడు. వాడికి తెలియకుండానే నోట్లోంచి వచ్చింది. నేనూ, “ఆయ్” అన్నాను.

మర్నాడు ఏ.ఈ. గారికి, అంటే మా సెక్షన్ ఇంజనీరు గారికి, తేలిక పని ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాను. కారణం అడగకుండానే సంతకం పెట్టేశారు. ఎంత బరువు దిగిందో ఆయన మొహంలోనే కనబడింది. రిటైరయ్యేదాకా సెక్షన్ ఆఫీసులో కరెంటు పోయిందని ఫోను చేసేవాళ్ళకి జవాబులు చెప్పాను. మాట తడబాటు ఏడాది తిరక్కుండా పోయింది. ఆ కుర్చీలోకి తిరిగి వెళ్ళమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి చెప్పేది రెండే మాటలు. ఎల్.సి. ఎవరిచ్చినా, తోడబుట్టినవాడిచ్చినా, రాడ్లు లేకుండా తీగ ముట్టుకోకూడదు. జబ్బు పడి లేచి వచ్చినవాణ్ణి తోటివాళ్ళు నమ్మకపోతే ఎప్పటికైనా నమ్మించుకోవచ్చునేమో గాని, తన చేత్తో వేసిన తాళాన్ని తానే నమ్మలేనివాడు మాత్రం ఆ కుర్చీలో కూర్చోకూడదు. ఇది ఏ డాక్టరూ సర్టిఫికెట్ మీద రాయలేడు.

ఆ రోజు నేనిచ్చిన ఎల్.సి.లో తప్పేమీ లేదు. నా సర్వీసులో ఆఖరిది అదే.