మంచు మీద అమ్మమ్మ చేతులు

ఆ రోజుల్లో ఏ పనినైనా బాగా నెమ్మదిగా చేస్తే అది కళ అయిపోతుందని మాకు గట్టి నమ్మకం. మేమంటే నేనూ, మా పిన్ని కూతురూ. దాన్ని అందరూ బ్యాటరీ అనేవారు (దాని ఫోన్‌లో ఎప్పుడు చూసినా నాలుగు శాతమే ఉండేది). ఇద్దరం విశాఖపట్నంలో డిగ్రీ ముగించి, అరకు దగ్గర అమ్మమ్మ ఊరికి చేరి, వీడియో కళాకారుల జంటమని మాకు మేమే ప్రకటించుకున్నాం. ఊళ్లోవాళ్లు పెళ్లి వీడియోలు తీస్తామనుకుని ఒక పెళ్లికి పిలిచారు కూడా. అక్కడ మేం పెళ్లికూతుర్నీ పెళ్లికొడుకునీ వదిలేసి, అన్నం గుండిగలోంచి లేచే ఆవిరిని ఇరవై నిమిషాలు తీశాం. మళ్లీ ఎవరూ పిలవలేదు.

మేం అసలు ప్రాణం పెట్టింది అమ్మమ్మ చేతుల మీద. వాకిట్లో ఆరబోసిన కాఫీ పళ్లను ఆవిడ అరచేతులతో అటూ ఇటూ తిప్పుతుంటే, ఆ చేతుల్నే నలభై నిమిషాలు తీశాం.

"ఏటే గుంటల్లారా, ఏటి సేత్తన్నారు? ఫొటో అయితే బేగి తీసీయండి, నాకు వంటుంది."

"ఫొటో కాదమ్మమ్మా, వీడియో."

"మరి పాటేదే?"

పాట లేదంటే మా మీద జాలిపడింది.

ఆ వీడియోను తెర మీద కాకుండా, తెల్లవారుజామున లోయలోంచి లేచే మంచు మీద వెయ్యాలన్నది బ్యాటరీ ఆలోచన. చర్చి యువజనుల దగ్గర చిన్న ప్రొజెక్టరు అడిగి తెచ్చి, అమ్మమ్మ ఇంటి నుంచి వైరు లాగి, వాలు అంచున పెట్టాం. మొదటి రోజు రెండు ముసలి చేతులు చెట్లంత ఎత్తున మంచులో తేలాయి. ఎర్రటి పళ్లు గాలిలో దొర్లాయి. మంచు కదిలితే వేళ్లు సాగేవి, పల్చబడితే మణికట్టు దాకా కరిగిపోయి మళ్లీ మొలిచేవి. ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. ఇంత అందమైనది మేమే చేశామా అని నాకు భయం కూడా వేసింది.

వెంటనే విశాఖపట్నంలో ప్రదర్శనలు పెట్టే ఒక మేడంకి పెద్ద మెయిల్ రాశాం. క్రిస్మస్‌కు ముందు వస్తానన్నారు. ఆవిడకు నచ్చకపోతే బి.ఎడ్.లో చేరి తీరాలని బాబాయి బ్యాటరీకి అప్పటికే గడువు పెట్టేశాడు.

ఆవిడ వచ్చిన రోజు మంచు రాలేదు. డిసెంబరులో, అరకులో! లోయంతా కడిగిన పళ్లెంలా ఉంది. ప్రొజెక్టరు వెలుగు దేనికీ తగలకుండా ఎటో పోతోంది. మేడం శాలువా సర్దుకుని, "ఎప్పుడు మొదలవుతుందమ్మా?" అని మర్యాదగా అడిగారు.

"మొదలైంది మేడం" అన్నాను. బ్యాటరీ నన్ను గిల్లింది.

అప్పుడే వేకువ ప్రార్థనకు వెళ్తున్న చర్చివాళ్లు పాడుకుంటూ వాలు మీది బాటలో మలుపు తిరిగి, నేరుగా ఆ వెలుగులోకి వచ్చారు. అందరివీ తెల్లబట్టలే. వీడియోలోని చేతులు వాళ్ల మీద పడ్డాయి. ఒకామె తన చీర మీద దొర్లుతున్న పళ్లను గబగబా దులుపుకుంది. పాట ఆగిపోయింది. గుంపు వెనక నుంచి అమ్మమ్మ కేక వినబడింది.

"ఓలమ్మో! నా సేతులు అయ్యగోరి గుండెల మీదున్నాయేటే! తీసీయండే బేగి!"

పాస్టరుగారు తన తెల్లటి అంగీని ఒకసారి చూసుకున్నారు. తర్వాత రెండు చేతులూ చాచి నిలబడి, "కదలకండర్రా, మామ్మ పని పూర్తవనీండి" అన్నారు. ఆయన్ని చూసి అందరూ దగ్గరగా జరిగారు. ఆగిన పాట సన్నగా మళ్లీ మొదలైంది. పాడే గుండెలు పైకీ కిందకీ కదులుతుంటే వాటి మీద చేతులు ఊపిరి తీస్తున్నట్టున్నాయి. తెల్లారి బొమ్మ వెలిసిపోయేదాకా ఎవరూ కదల్లేదు. అమ్మమ్మ మాత్రం ముందుకొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "అల్లక్కడ సరిగా తిప్పలేదు నాను" అంది.

మేడం కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. "దీన్ని విశాఖలో చెయ్యగలరా?"

"చెయ్యగలం" అని ఇద్దరం ఒకేసారి అన్నాం (ఎలాగో ఇద్దరికీ తెలియదు).

విశాఖలో తెల్ల దుప్పట్లు కట్టి వేశాం. బాగానే ఉందన్నారు. తర్వాత ఇంకో రెండు వీడియోలు తీశాం. ఒకటి టైడా స్టేషనులో ఖాళీ బెంచీ. రెండోది మాకే అర్థం కాలేదు. మేం గొడవపడలేదు, విడిపోనూ లేదు. మా జంట ఎండాకాలపు గెడ్డలో నీటిపాయలా మెల్లగా సన్నబడిపోయింది. బ్యాటరీ ఇప్పుడు గూడెం కొత్తవీధిలో పిల్లలకు లెక్కలు చెబుతోంది. నేను కాఫీ గింజల్లో మంచివీ చెడ్డవీ ఏరే చోట పనిచేస్తున్నాను.

మొన్న ఫోన్ చేసి అడిగింది. "అక్కా, ఆ వేళ విశాఖలో ఒకాయన దీని అర్థం ఏటని అడిగితే పావుగంట చెప్పావు కదా, ఏటి చెప్పావే?"

ఎంత ఆలోచించినా ఒక్క ముక్క గుర్తురాలేదు. ఆయన తలాడించడం మాత్రం గుర్తుంది. మోచేతుల దగ్గర చిరిగిన స్వెట్టరులో నిలబడి, ఎక్కడా తడుముకోకుండా, ఒకప్పుడు నేనే అయిన ఆ ఇరవై రెండేళ్ల పిల్ల అంత ధీమాగా ఏం చెప్పిందో ఓసారి ఎదురుగా కూర్చుని వినాలనుంది. మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యను.