తాళం వేసిన షెడ్డులో మంచు

దయ్యాల కబుర్లు మొదలైతే దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకునే రకం నేను. ఇప్పటికీ నమ్మను. ఇది మాత్రం నా కళ్ళతో చూశాను, నా చేతులతో తుడిచాను.

తొంభైల నడిమి సంవత్సరాలు. దోహాలో, అల్ హిలాల్‌లోని ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవర్‌గా ఉండేవాణ్ణి. యజమానిని బాబా అనేవాళ్ళం. ఆ జనవరిలో ఆయన భార్యాపిల్లలతో లెబనాన్ కొండలకు మంచు చూడటానికి వెళ్ళాడు. పిల్లల్ని చూసుకోవడానికి కడప జిల్లా రమణమ్మను వెంట తీసుకెళ్ళారు. ఇంట్లో ఆయన ముసలి తల్లి, నేను మిగిలాం. రోజూ పొద్దున పదింటికి బాబా హోటల్ నుంచి ఫోన్ చేసి తల్లి ఎలా ఉందో కనుక్కునేవాడు.

కారు షెడ్డు తాళంచెవి నా మొలతాడుకే ఉండేది. బాబా లేనప్పుడు కారు బయటికి తీశానని తెలిస్తే ఆ సాయంత్రమే నన్ను విమానం ఎక్కించేవాళ్ళు. అందుకే రోజూ మీటరు అంకె పుస్తకంలో రాసిపెట్టేవాణ్ణి.

నాలుగో రోజు, పదికి కాస్త ముందు, తుడుద్దామని షెడ్డు తాళం తీసి కారు తలుపు తెరిచాను. డ్రైవర్ సీటు ముందు, పెడళ్ళ కింద తెల్లగా గుట్ట పడి ఉంది. సబ్బుపొడి అనుకున్నాను. చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయాయి. ఫ్రిజ్‌లో గీరితే రాలే పొడిలా ఉంది. బూటు అడుగున అతుక్కుని ఊడిపడినట్టు గళ్ళు గళ్ళుగా ముద్దలు. దోసెడు పైనే ఉంది.

నాకు భయమేసింది. దయ్యానికి కాదు, బాబాకి. ఇంతలో ఫోన్ మోగింది. దాచినా తర్వాత తడి మరకలు పట్టిస్తాయని, కారులో మంచు ఉందని నేనే చెప్పేశాను.

"చేపల ఐసు మోశావా నా కారులో? పోయి మీటరు చూసి రా. లైన్‌లోనే ఉంటాను" అని అరబ్బీలో విరుచుకుపడ్డాడు.

పరుగెత్తాను. అంకె మారలేదు. ఆ మాట చెబితే నమ్మలేదు, మళ్ళీ చూసి రమ్మన్నాడు. రెండోసారి వచ్చేసరికి ఆయన గొంతు లేదు. ఎవరో కేకలు పెడుతున్నారు. ఒక ఆడమనిషి ఏడుస్తోంది. లైను తెగిపోయింది.

రెండు రోజులు ఫోన్ రాలేదు. ముసలావిడ అడిగినప్పుడల్లా అందరూ బాగున్నారని అబద్ధమాడాను.

మూడో రోజు అందరూ క్షేమంగా వచ్చారు. వంటింట్లో రమణమ్మ చెప్పింది.

"అక్కడ మమ్మల్ని తిప్పే ఆ ఊరి డ్రైవరు పొద్దున్నే చెప్పినాడన్నా. గట్టిపడిన పాత మంచు మీద రాత్రంతా కొత్తది పడింది, ఎండ తగిలితే జారతాది, ఈ పొద్దు పైకి వద్దని. బాబా ఇన్లేదు. సామాను తీసుకోని నువ్వు ముందు పో, ఎనకాలే వస్తామన్నాడు. మేము ఇంకో బండెక్కి కూర్చున్నాం. బాబా నీతో ఫోన్లో ఉన్నాడని ఆగినాం. అంతలోనే కొండ మీద మంచంతా దిగొచ్చి దోవను కప్పేసింది."

"ఆ డ్రైవరు?"

"మర్నాడు తవ్వి తీసినారన్నా."

బాబా ఆ కారు సంగతి మళ్ళీ ఎత్తలేదు. నా వల్లే అందరూ బతికారని రమణమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ మాట వింటే నాకు సిగ్గేస్తుంది. నేను ఫోన్ ఎత్తినప్పుడు ఆ డ్రైవరు ఇంకా దారిలో ఉన్నాడు, బతికే ఉన్నాడు. మంచు ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఏదైనా చెప్పడానికే వచ్చిందేమో, అదీ తెలియదు. నేను మాత్రం ఆ పావుగంటా నా ఉద్యోగం గురించే మాట్లాడాను.