బాపు కోసం చూసొచ్చిన సముద్రపు అడుగు

మొన్న ఆదివారం పొద్దున నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంటే, మా అమ్మాయి ఫోను పట్టుకొని వచ్చి పక్కన చతికిలబడి, అండమాన్‌కు పోయిన మా మనవరాలు పంపిన వీడియో పెట్టింది. నల్లటి రబ్బరు సూటు తొడుక్కొని, వీపున ఒక గాలి సిలిండరు మోసుకుంటూ, నోట్లో గొట్టం పెట్టుకొని ఆ పిల్ల నీలం నీళ్ళలో చేపల మధ్య చేతులు ఊపుతోంది. మా అల్లుడు నా భుజం మీదుగా తొంగిచూసి, ఇలాంటివి చూస్తే అత్తమ్మకు కళ్ళు తిరుగుతాయేమో, ఆపెయ్యరాదూ అన్నాడు. పాపం మంచివాడే, ఇరవై ఏళ్ళకు పైగా మా ఇంటి అల్లుడే గానీ ఈ ఒక్క సంగతి ఆయనకు ఎవరమూ చెప్పినట్టు లేదు. మా అమ్మాయీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకొని పడీపడీ నవ్వాం.

ఆయనకు ఆ పూట చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతాను. నా ఈడువాళ్ళకైతే సగం చెబితే చాలు.

మాది చెన్నూరు. గోదావరి పక్కనే ఉన్నా మా బతుకంతా బావుల మీదనే సాగింది. మా బాపు, అదే మా నాన్న, రెండెకరాల రైతు, కానీ ఊళ్ళో ఆయన పేరు నిలిచింది వ్యవసాయం వల్ల కాదు. ఎవరింటి చేదబావిలోనన్నా బిందె పడితే ముందు తాడుకు పాతాళ గరిగె కట్టి, దాని కొక్కేలతో దేవులాడేవారు. అది అందకపోతే మా బాపుకు కబురు వచ్చేది. పొలంబావుల్లో కరెంటు మోటార్లు వచ్చాక అడుగున నీళ్ళు పీల్చే ఫుట్‌వాల్‌లో చెత్త ఇరికినా ఆయనే దిగాలి. ధోవతి గోచీగా బిగించి, ఒక్క మునక వేసి, ఒడ్డున ఉన్నవాళ్ళ గుండెలు జారిపోయేదాకా లోపలే ఉండి, బిందెతో సహా పైకి లేచేవాడు. ఒక గ్లాసు చాయ్ తప్ప ఏమీ పుచ్చుకునేవాడు కాదు. ఉత్త చేతులతో పైకి రావడమంటే మాత్రం ఆయనకు మహా నామోషీ.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి బడులు నెలల తరబడి మూతపడ్డ సంగతి మనలో ఎవరమూ మరిచిపోయి ఉండం. పిల్లల చదువులు ఆగమయ్యాయని పెద్దలు బాధపడ్డారు గానీ, నాకు మాత్రం ఆ సెలవుల పుణ్యమా అని ఈత వచ్చింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. ఆడపిల్లకు ఈతేమిటని అవ్వ, మేం అమ్మను అలాగే పిలిచేవాళ్ళం, మొత్తుకుంటే, నీళ్ళకేం ఎరుకనే ఆడపిల్లనో మొగపిల్లగాడో అని బాపు నా నడుముకు తాడు కట్టి మా పొలంబావిలోకి తోసేశాడు. వారానికి తాడు వదిలేశాను. వానలు వెనకపట్టేసరికి అడుగు తాకి, సాక్ష్యంగా గుప్పెడు ఒండ్రు పట్టుకొని పైకి వచ్చేదాన్ని. ఆయన నేర్పింది ఒకే ఒక్క పాఠం.

“దమ్ము ఇడిస్తే పానం ఇడిసినట్టే బిడ్డా. మీదికొచ్చెదాక పండ్లు బిగవట్టు.”

ఆ పాఠం నా ఒంట్లో ఎంత లోతుగా దిగిందంటే, పెళ్ళయి కరీంనగర్ వచ్చి బడి పంతులమ్మనయ్యాక కూడా, నీళ్ళ గోలెంలో చెంబు ముంచేటప్పుడు సైతం తెలియకుండానే ఊపిరి బిగపట్టేదాన్ని. మా ఆయన చూసి నవ్వేవాడు. ఆయన ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. నీళ్ళంటే ఎంత భయమంటే, పుష్కరాలకు పోయి కూడా మెట్టు మీదే నిలబడి చెంబుతో నెత్తిన పోసుకొని వచ్చిన మనిషి.

తొంభైల మొదట్లో ఆయనకు ఎల్‌టీసీ, అంటే సర్కారు ఖర్చుతో కుటుంబమంతా ఊరు చూసొచ్చే వీలు, వచ్చింది. ఆఫీసులో అందరూ తిరుపతి, రామేశ్వరం, కన్యాకుమారి అంటుంటే, నేను స్టాఫ్ రూములో ఒక పత్రికలో చూసిన రంగుల బొమ్మ పట్టుకొని కూర్చున్నాను. లక్షద్వీప్‌లో జనం కాపురం లేని ఒక చిన్న దీవి, కొబ్బరాకుల కప్పుతో నాలుగు గుడిసెలు, ఎవరైనా సరే నేర్పించి సముద్రం అడుగుకు తీసుకుపోతారట. ఏడాదంతా ఆయన ప్రాణం తోడేసి ఒప్పించాను. మా అత్తమ్మ మాత్రం, గాడ ఏ దేవుడున్నడమ్మా అని అడిగింది. ఏ దేవుడూ లేడన్నాను. దేవుడు లేని కాడికి గంత దూరం పోయి ఏంజేస్తరే అని, ఇక మొక్కుకోవడానికి ఏమీ లేదన్నట్టు వంటింట్లోకి పోయింది.

మా అమ్మాయిని దించి రావడానికి చెన్నూరు పోయాను. అప్పటికి బాపు బావుల్లో దిగడం మానేసి రెండేళ్ళయింది. ఆయాసం పట్టుకుంది. జీవితమంతా ఊపిరిని గుప్పిట్లో పెట్టుకొని తిరిగిన మనిషి నాలుగడుగులు వేస్తే అరుగు వెతుక్కుంటున్నాడు. అద్దాల కళ్ళజోడు పెడతారట, నీళ్ళలో అంతా కనిపిస్తుందట అని నేను సంబరంగా చెబుతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

“గిన్నేండ్లు అడుగుకు పోయిన గని, అడుగు ఎట్లుంటదో ఒక్కనాడు సూడకపోతిని. అంత చీకటే, చెయ్యికి తాకిందే ఎరుక. నువ్వు సూసొచ్చి చెప్పు బిడ్డా.”

అంతవరకూ నాకది సరదా ప్రయాణం. ఆ మాటతో అది, అడుగు చూడకుండా తిరిగి రావడానికి వీల్లేని పని అయిపోయింది.

కొచ్చిన్‌లో ఓడ ఎక్కిన దగ్గర్నుంచి మా ఆయన వాంతులు, నా మామిడికాయ తొక్కు సీసా ఆయన ముక్కు దగ్గర పెట్టడం, దీవిలో దిగేసరికి కాళ్ళ కింద నేల ఇంకా ఊగుతున్నట్టుండడం, ఇవన్నీ చెప్పబోతే తెల్లారిపోతుంది. అక్కడ టీవీ లేదు, ఫోను లేదు. ఉన్నది నాలుగు రోజులు, అయిదో రోజు ఓడ. నేర్పించేవాడు బొంబాయి నుంచి వచ్చిన ఒక పడుచువాడు, మా కరీంనగర్ ఉర్దూకు ముచ్చటపడి నన్ను దీదీ అని పిలిచాడు. తోటి పంతులమ్మ దగ్గర అరువు తెచ్చుకున్న పంజాబీ డ్రెస్సు వేసుకొని, బావిలో పెరిగినదాన్ని నాకేం నేర్పుతావులే అన్న ధీమాతో నడుములోతు నీళ్ళలో నిలబడ్డాను.

నాకు ఈత వచ్చని మా ఆయన అందరికీ ముందే టముకు వేసి పెట్టాడు. నోట్లో గొట్టం పెట్టారు, తల ముంచాను. ముంచగానే పండ్లు బిగుసుకున్నాయి. నిమిషం దాటినా గొట్టంలోంచి ఒక్క బుడగ రాకపోయేసరికి ఆ పిల్లవాడు హడలిపోయి నన్ను పైకి గుంజాడు. ఈ విద్యలో మొదటి నియమం ఊపిరి బిగపట్టకూడదట. లోతున పీల్చిన గాలి, పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుందట. బిగపట్టి లేస్తే ఊపిరితిత్తులు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుందట. పీలుస్తూ వదులుతూ ఉండాలి, అంతే. అంతేనా అనుకున్నాను. రెండోసారి, మూడోసారి, మర్నాడు మళ్ళీ రెండుసార్లు, తల మునిగితే చాలు బాపు గొంతు వినపడేది, పండ్లు గడియ పడేవి. రెండోరోజు మధ్యాహ్నం ఆ అబ్బాయి చేతులు జోడించి, దీదీ, ఈత రానివాళ్ళకైనా నేర్పగలను గానీ మీకు నేర్పలేను, మిమ్మల్ని లోతుకు తీసుకుపోయి ఆ పాపం మూటగట్టుకోలేను అనేశాడు.

ఇక మా ఆయన సంగతి వినండి. చెంబు స్నానం మనిషి, కట్టిన డబ్బు దండగవుతుందని గొట్టం నోట్లో పెట్టుకొని మొదటిసారే నెగ్గాడు! ఏ అలవాటూ లేదు గనుక మర్చిపోవలసిందీ ఏమీ లేదు. పైగా నిద్రలో ముప్ఫై ఏళ్ళుగా నోటితో గాలి పీల్చడం సాధన చేసినవాడాయె. మూడోరోజు పొద్దున్నే పడవెక్కి పోయి అడుగు చూసి వచ్చాడు. నేను ఒడ్డున కూర్చొని కుమిలిపోతుంటే, ఎందుకు బాధపడతావు, నేను చూశాను కదా, నేను చెబుతాను, నువ్వు మామయ్యకు చెప్పు అని ఓదార్చాడు. సరే చెప్పమన్నాను. మస్తు చేపలున్నయి అన్నాడు. ఇంకా అన్నాను. చాలాసేపు ఆలోచించి, నీళ్ళున్నయి అన్నాడు. అది మోసుకుపోయి బాపు ముందు పెట్టడమెట్లా చెప్పండి?

ఆ కోపంతోనే ఆయన తడిబట్టలు గుడిసె వెనక నల్లా కింద పడేసి ఉతుకుతున్నాను. ఎప్పుడు అందుకున్నానో ఏమో, ఉతుకుతూ ఉతుకుతూ అవ్వ నాటుపాట పాడుతున్నాను. అవ్వ వరినాట్లలో పాట ఎత్తే మనిషి. నడుము వంచి, మడిలో చేతులు ఆడిస్తూ, ఒక వరుస పొడుగ్గా పాడి వదిలేది. మిగతా ఆడవాళ్ళు అందుకొని పాడేలోపు తాను ఊపిరి పీల్చుకొని మళ్ళీ తరువాతి వరుస ఎత్తేది. పొద్దు గూకేదాకా అలసట లేకుండా అదే తీరు. చొక్కా పిండుతున్న చేతులు ఆగిపోయాయి. పాడేటప్పుడు ఊపిరి బిగపట్టడం ఎవరికి సాధ్యం? బిగపట్టడమే బాపు నేర్పాడు. వదలడం అవ్వ నేర్పింది, నేర్పుతున్నానని ఆమెకూ తెలియదు, నేర్చుకున్నానని నాకూ తెలియదు.

బట్టలు అక్కడే వదిలేసి ఆ అబ్బాయి దగ్గరికి పరుగెత్తాను. వాడు ససేమిరా అన్నాడు. బతిమాలాను, లాభం లేక పంతులమ్మ గొంతు తీసి గద్దించాను. నడుములోతు నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చొని, గొట్టం నోట్లో పెట్టుకొని, గొంతులోనే ఒక వరుస కూనిరాగం తీశాను. బుడగలు గలగలా పైకి పోయాయి. అవ్వ వెనక ఆడవాళ్ళు అందుకున్నంతసేపు పీల్చుకున్నాను. మళ్ళీ వరుస. పావుగంట అలాగే కూర్చున్నాను. వాడు నీళ్ళలో తల పెట్టి ఆ రాగం విని, పైకి లేచి, ఇలాంటి పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు దీదీ అని నవ్వి, రేపు పొద్దున సిద్ధంగా ఉండమన్నాడు.

ఆఖరి రోజు పొద్దున పడవ అంచు నుంచి వెనక్కి వాలి పడ్డాను. ఆరు నిలువుల లోతు. దిగుతుంటే చీకటి వస్తుందేమోనని చూస్తున్నాను, చీకటి రాలేదు. అడుగున వెలుతురుంది! తెల్లటి ఇసుక మీద పైనుంచి ఎండ జాలువారి కదులుతోంది. గోబిపువ్వుల్లాంటి పగడపు గుట్టలు, వాటిని కొరుకుతున్న పచ్చని చేపలు. అవి కొరుకుతుంటే ఎవరో పక్కన కూర్చొని పుట్నాలు నములుతున్న చప్పుడు. చేపలు నన్ను చూసి పారిపోలేదు, వాటి దారిన అవి పోతున్నాయి. ఉన్నట్టుండి నా భుజం పక్కనుంచి చాటంత తాబేలు సాగిపోయింది. పండ్లు బిగుసుకున్నాయి. ఆ అబ్బాయి గాభరాగా నా వైపు తిరిగేలోపే అవ్వ పాట అందుకున్నాను, బుడగలు లేచాయి. తరువాత ఒక్కసారి కూడా తప్పలేదు. పాడుకుంటూనే పైకి వచ్చి, పడవ అంచు పట్టుకొని, ముప్ఫై దాటిన పంతులమ్మను, నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల వేశాను. నాకు ఈల వేయడం వచ్చని మా ఆయనకు పెళ్ళయిన పన్నెండేళ్ళకు తెలిసింది.

చెన్నూరులో బస్సు దిగి తిన్నగా బాపు మంచం దగ్గరికే పోయాను. ఆయన లేచి కూర్చొని, కళ్ళు మూసుకొని, ముందు ఇదే అడిగాడు.

“ఏం తెచ్చినవ్?”

ఏమీ ముట్టుకోవద్దన్నారు బాపూ, ఏం తేలేదన్నాను. అడుగుదాకా పోయి ఉత్త చేతులతోని వచ్చినవా అని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక చెప్పాను. వెలుతురు సంగతి చెప్పాను, పుట్నాల చప్పుడు చెప్పాను. కళ్ళు తెరవకుండానే విన్నాడు. అడుగున ఎండ పడ్తదా అని మళ్ళీ మళ్ళీ అడిగి మూడుసార్లు చెప్పించుకున్నాడు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు.

మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకొని, తలకు ఉతికిన రుమాలు చుట్టి, నన్ను వెంటబెట్టుకొని బయలుదేరాడు. తాను బిందె తీసిన ప్రతి ఇంటికీ తీసుకుపోయాడు. అరుగు అరుగుకూ ఆగి ఊపిరి తీసుకుంటూ, నా బిడ్డ అడుగు సూసొచ్చింది, చెప్పు బిడ్డా అంటాడు. నాలుగో ఇంటికి వచ్చేసరికి నా చేతిలోంచి కథ లాక్కొని తానే చెప్పడం మొదలుపెట్టాడు. ఆరు నిలువులు పదయ్యాయి, బజారు చివరికి వచ్చేసరికి ఇరవై. చాటంత తాబేలు బండి చక్రమంత అయింది. ఆయన అలా చెబుతుంటే, చూసొచ్చింది నేనా ఆయనా అని నాకే అనుమానం కలిగింది. ఒక్క మాట కూడా దిద్దలేదు. నా జీవితంలో ఏ సన్మానమూ ఆ పూటకు సాటిరాదు.

బాపు పోయి చాలా ఏళ్ళయింది. మా పొలంబావిని పూడ్చేశారు; నీళ్ళు ఇప్పుడు మనిషి దిగలేని లోతులో, బోరుగొట్టం అడుగున ఉన్నాయి. ఏది ఎట్లుంటదో అని ఒకరినొకరు అడగవలసిన అవసరమూ లేదు, ఎవరికి వాళ్ళు చూసుకుంటున్నారు, అదీ మంచిదే. కానీ నాకు మాత్రం పాత అలవాటు పోలేదు. ఎక్కడన్నా కొత్త చోటుకు పోతే, అందరూ బొమ్మలు తీసుకుంటుంటే, నేను పక్కకు నిలబడి వెలుతురు ఏ వైపు నుంచి పడుతోందో, చప్పుడు దేన్ని పోలి ఉందో చూసుకుంటూ, కళ్ళు మూసుకొని వినే మనిషికి ఎట్లా చెప్పాలా అని మాటలు ఏరుకుంటుంటాను.