అరికాలి పరీక్షలో వరప్రసాదరావు మాస్టారు

వరప్రసాదరావు మాస్టారి ఇంట్లో ఆ చప్పుడు ఒక సోమవారం పొద్దున్న మొదలైంది. టిక్కు, టిక్కు, టిక్కు. కాసేపు వినిపించేది, ఆగిపోయేది. ఆయన భార్య రూతమ్మ ముందు గోడ గడియారాన్ని అనుమానించి బ్యాటరీ తీసేసింది. తర్వాత బల్లేమోనని ట్యూబులైటు వెనకంతా చీపురుతో దులిపింది. మంగళవారం మాస్టారే చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చేద్దామని ఇల్లంతా తిరిగారు. ఆయన వంటింట్లోకి వెళ్తే వంటింట్లోంచి వచ్చింది. వరండాలోకి వెళ్తే వరండాలోంచి వచ్చింది.

"ఇది మనల్ని ఎంటాడతంది రూతూ," అన్నారు గొంతు తగ్గించి.

రూతమ్మ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. "మనల్ని కాదండీ, మిమ్మల్ని. కూకోండి. కాలెత్తండి."

ఎడమ అరికాల్లో, బొటనవేలి మొదట్లో, గోడమీద కేలండరుకి గుచ్చే పిన్ను పూర్తిగా దిగిపోయి ఉంది. రెండు రోజులు టైల్స్ మీద రాసుకుని దాని తల కొత్త బొత్తాంలా మెరుస్తోంది.

మాస్టారు భయపడలేదు సరికదా, గర్వపడ్డారు. తుమ్మపాల దగ్గర ఒక హైస్కూల్లో ముప్ఫై రెండేళ్ళు డ్రిల్లు చెప్పిన మనిషి. రిటైరయ్యాక కూడా చర్చికి, రైతుబజారుకి చేతులూపుకుంటూ కవాతు లాగే నడిచేవారు. పదకొండేళ్ళుగా షుగరుంది గానీ దాన్నొక జబ్బుగా ఆయన ఎప్పుడూ లెక్క చెయ్యలేదు. పిన్ను పీకించుకుని, దాన్ని అగ్గిపెట్టెలో వేసుకుని, పక్కింటి స్టాన్లీకి చూపించొచ్చారు.

"రెండ్రోజులు! కుయ్యిమన్లేదు నేను. మిలట్రీలో అయితే మెడల్ ఇచ్చేవోళ్ళు."

స్టాన్లీ మెచ్చుకోలేదు. వాళ్ళ నాన్నకి ఇలాగే నొప్పి తెలియక వేలు తీసేయాల్సి వచ్చిందని, అనకాపల్లిలో పాదాలు మాత్రమే చూసే డాక్టరుందని, వెంటనే వెళ్ళమని చెప్పాడు.

"కాళ్ళకి సెపరేటుగా డాక్టరేటి?" అన్నారు మాస్టారు. "రేపు కుడికాలికొకరు, ఎడంకాలికొకరు వత్తారు."

రూతమ్మ అప్పటికే ఆటో పిలిచింది.

క్లినిక్ గుమ్మం పక్కన పెద్ద బోర్డుంది: పాదరక్షలు బయట విడువవలెను. దాని కింద చీటీలు రాసే నానాజీ కూర్చునున్నాడు. ఒకప్పుడు మాస్టారి దగ్గర డ్రిల్లు చేసినవాడే. గౌరవంగా లేచి, "సెప్పులు బయటిప్పండి మాస్టారూ," అన్నాడు. ఆయన విప్పారు. లోపల పదిమంది రోగులు ఉత్త కాళ్ళతో, ఒకరు మడమల మీద, ఒకరు గోడ పట్టుకుని, కాళ్ళు కాలిన పిల్లుల్లా తిరుగుతున్నారు.

డాక్టరు పేరు ఇందు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, సబ్బవరం అమ్మాయి. ఆవిడ ఒక సన్నటి నైలాన్ దారం తీసింది. "కళ్ళు మూసుకోండి సార్. ఇది తగిలినప్పుడల్లా 'ఆఁ' అనండి."

పరీక్ష అనేసరికి మాస్టారు నిటారుగా అయ్యారు. కళ్ళు మూసుకుని, "ఆఁ... ఆఁ... ఆఁ..." అంటూ, లెఫ్ట్ రైట్ చెప్పినంత లయగా ఎనిమిదిసార్లు అని కళ్ళు తెరిచారు. ఇందు గదికి ఆ చివర చేతులు కడుక్కుంటోంది.

"నేనింకా మొదలుపెట్టలేదండి," అంది.

"అయితే ఇది ప్రాక్టీసనుకోండి."

రెండోసారి పదికి తొమ్మిది వచ్చాయి. ఇందు కాస్త ఆలోచించి, చెయ్యి కదిపినప్పుడల్లా గలగలమంటున్న గాజులు తీసి బల్లమీద పెట్టింది. మూడోసారి పదికి రెండొచ్చాయి.

"రెండేనా? పాస్ మార్కెంతండీ?"

"ఇది పాసవ్వడానికి పెట్టే పరీక్ష కాదు సార్."

ఆవిడ ఒక అద్దం ఆయన పాదం కింద పట్టింది. అరికాలు చూసుకుని ఎన్నేళ్ళయిందో మాస్టారికే గుర్తులేదు. పిన్ను దిగిన చోట చుట్టూ రూపాయి బిళ్ళంత నల్లగా ఉంది. దాని పక్కన, ఎప్పుడు తగిలిందో తెలియని ఇంకో పుండు.

"ఇది నాదేనేటండీ?" అన్నారు. ఆయన గొంతు అంత చిన్నగా పలకడం రూతమ్మ ఎన్నడూ వినలేదు.

డాక్టరు చచ్చిన చర్మం కోసి తీస్తుంటే ఆయన పక్కవాడి కాలు చూస్తున్నట్టు చూశారు. కట్టు కట్టాక మెత్తటి రబ్బరు అడుగున్న ప్రత్యేకం చెప్పులు తెప్పించి తొడిగింది. "ఇకమీద ఒక్క అడుగు కూడా చెప్పుల్లేకుండా వెయ్యొద్దు. ఇంట్లో అయినా సరే. మంచం దిగితే చెప్పుల్లోకే దిగాలి."

"ఎస్ మేడమ్," అన్నారు మాస్టారు. ఆయనకి ఆర్డరంటే ఆర్డరే.

మరుసటి మంగళవారం కట్టు మార్పించుకోడానికి వచ్చారు.

"సెప్పులు, మాస్టారూ," అన్నాడు నానాజీ.

"ఇప్పను. డాక్టరుగారి ఆర్డరు."

నానాజీ బోర్డు చూపించాడు. "ఇదీ డాక్టరుగారి ఆర్డరేనండి."

ఒకే అధికారి దగ్గర్నుంచి రెండు ఆర్డర్లు వస్తే ఏం చెయ్యాలన్న ప్రశ్న మాస్టారి సర్వీసులో ఎప్పుడూ ఎదురుకాలేదు. లోపలికి వెళ్ళకుండా, వెనక్కి తగ్గకుండా, గుమ్మం మీద అటెన్షన్‌లో నిలబడిపోయారు. వెనక జనం ఆగిపోయారు. రోలుగుంట వైపు కొండ పొలాల్లో పనిచేసే జగ్గన్న అనే ముసలాయన అప్పుడే చెప్పులు విడిచాడు. కాసేపు మాస్టారి కాళ్ళకేసి చూసి, "నాకూ అదే సెప్పింది బాబూ డాక్టరమ్మ," అని మళ్ళీ తొడుక్కున్నాడు. అది చూసి ఇంకొకావిడ. ఈ మాట లోపలికి పాకింది. లోపలున్నవాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చి, ఎవరి చెప్పులు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ ఒకరి జత ఒకరు వేసుకుని, తిట్టుకుంటూ మార్చుకుంటున్నారు. ఐదు నిమిషాల్లో క్లినిక్ మొత్తం ఖాళీ అయిపోయి, రోగులందరూ చెప్పులతో సహా వీధిలో నిలబడ్డారు. లోపల డాక్టరు బెల్లు కొడుతూనే ఉంది.

చివరికి ఆవిడే బయటికొచ్చింది. ఎప్పుడూ వెనక తలుపులోంచి వచ్చిపోయే మనిషి కావడంతో ఆ బోర్డు చదవడం అదే మొదటిసారి.

"ఇదెవరు పెట్టారు నానాజీ?"

"ముందిక్కడ కళ్ళద్దాల షాపుండేదండి. ఆళ్ళదండి. పీకితే గోడ పెచ్చూడిపోద్దని వదిలేసేను."

"మూడేళ్ళనుంచీ?"

"ఇప్పమంటే అందరూ ఇప్పుతున్నారండి. ఇదేటని ఒక్కరూ అడగలేదు."

ఇందు నుదురు పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది. తర్వాత లేచి, "అందరూ చెప్పులతోనే లోపలికి రండి," అంది. మాస్టారు వరస తీర్చి అందర్నీ లోపలికి పంపి చివర్న తను వెళ్ళారు. నానాజీ బోర్డు పీకేశాడు. పెచ్చు నిజంగానే ఊడింది.

పుండ్లు మానడానికి ఏడు వారాలు పట్టింది. ఆఖరి మంగళవారం నాడు కట్టు విప్పేశాక డాక్టరు రూతమ్మ వైపు తిరిగింది. "ఇన్నిసార్లు వచ్చారు. మీ పాదాలు చూపించనేలేదు. కూర్చోండమ్మా."

రూతమ్మ చీర అంచు కిందికి లాక్కుంది. "నాకేటమ్మా? బాగానే ఉన్నాయి." మాస్టారు ఊరుకోలేదు. మొహమాటపడుతూనే కూర్చుంది. మడమలు రెండూ ఎండిన చెరువులా పగిలి ఉన్నాయి. ఇందు దారం తీసి అరికాలికి ఆనించింది.

రూతమ్మ "అయ్‌బాబోయ్!" అని అరిచి, విరగబడి నవ్వింది. రెండోసారి ఆనిస్తే కుర్చీ మీంచి జారిపోయింది. ఏమైందోనని నానాజీ తలుపు తోసుకుని వచ్చాడు. నాలుగోసారికి డాక్టరుకీ నవ్వాగక దారం పక్కన పెట్టేసి, "పదికి పది వేస్తున్నాను," అంది.

మాస్టారు మాత్రం నవ్వలేదు. తెల్లబోయి చూస్తున్నారు. "మన పెళ్ళయి ముప్ఫై తొమ్మిదేళ్ళు. నీకు సక్కిలిగింతలున్నాయని నాకు తెలీదే."

రూతమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఎలా తెలుత్తాది? నా కాళ్ళకేసి మీరెప్పుడు సూసేరు?"

డాక్టరు ఆవిడ మడమలకి ఒక క్రీము రాసిచ్చింది. నడుం నొప్పితో రూతమ్మ వంగలేదు కాబట్టి రోజూ పొద్దున్నే రాసే పని మాస్టారికి పడింది. ఆయన దాన్ని కూడా ఆర్డరుగానే తీసుకున్నారు. ఏడింటికల్లా చెప్పులేసుకుని, పీట వాల్చుకుని ఆవిడ ముందు కూర్చుంటారు. రూతమ్మ పళ్ళు బిగించి గట్టిగానే ప్రయత్నిస్తుంది గానీ, నవ్వు ఆగినప్పుడు కాలాగదు. ఇప్పటికి రెండుసార్లు ఆయన కళ్ళజోడు ఎగిరి వరండాలో పడింది.