బాతులు వింటున్న మాటలు

నా చిన్నతనంలో మా తిరువూరు దగ్గర వరి కోతలు అయిపోగానే నెల్లూరు వైపు నుంచి బాతులు మేపేవాళ్ళు వచ్చేవారు. కోసిన మడుల్లో రాలిన గింజలు, నత్తలు బాతులు తింటాయి. మేత తరిగిపోగానే మకాం మరో ఊరికి మారుతుంది. ఆ ఏడు మా పొలంలో దిగింది భార్యాభర్తలిద్దరు. చీకటి పడేవేళ మా తాతయ్య వాళ్ళ దగ్గర కాసేపు కూర్చోవడానికి వెళ్తూ నన్నూ తీసుకెళ్ళాడు.

మడి మధ్యలో వల చుట్టి, బాతులన్నిటినీ లోపలికి తోలి ఉంచారు. దానికి కాస్త ఇవతల చిన్న మంట. చేపల పులుసు అప్పుడే దించారు. బాతులాయన బోర్లించిన గిన్నె మీద వేళ్ళతో తాళం వేస్తుంటే భార్య పాడుతోంది. పాట మధ్యలోనే కబుర్లు కూడా నడుస్తున్నాయి.

"ఆవిడ పాడుతుంటే గిన్నె కొట్టడం తప్ప నీకింకేం పని లేదేంటయ్యా?" అన్నాడు తాతయ్య.

"ఇది కొట్టడం ఆపితే ఆమె నన్ను కొడద్దండి."

ఆమె పాట ఆపకుండానే చేతిలో పుల్లతో అతని మోకాలి మీద ఒకటి తగిలించింది.

ఇంత పొద్దుపోయాక పాట ఎందుకని నేను అడిగాను. ఆయన నవ్వు తగ్గించి చెప్పాడు.

"పాట వాటికి అబ్బాయా. మా గొంతు వినపడినంతసేపూ మేం ఉన్నామని కుదురుగా ఉంటాయి. ఉన్నట్టుండి గొంతు ఆగినా, ఎవరన్నా కేకేసినా, లేచి ఒక మూలకు తోసుకుంటాయి. అడుగున పడ్డవాటికి ఊపిరాడదు. పోయిన మకాంలో సగం మంద అట్టాగే పోయింది. ఇయ్యి కూడా పోతే మేం కూలికి పోవాల్సిందే."

ఆ మాట అని ఎంతోసేపు కాలేదు. వలకు అవతల గట్టు మీద రెండు కళ్ళు మెరిశాయి. వాటి పక్కన మరో రెండు. ఊరకుక్కలు. తాతయ్య చేతికర్ర అందుకుని లేవబోయాడు. పొలంలో కుక్క కనిపిస్తే మా ఇళ్ళల్లో ఎవరైనా చేసేది అదే, కేకేసి తరుముతాం. బాతులాయన ఎడమచేత్తో తాతయ్య మోకాలు నొక్కిపట్టాడు. కుడిచేతి తాళం తప్పలేదు.

"లేవబాకండి పెద్దాయనా," అన్నాడు, ధాన్యం రేటు గురించి చెబుతున్నంత మామూలుగా. "లైటు కూడా వెయ్యబాకండి. మాట్లాడతా ఉండండి."

భార్య పాడుతూనే పులుసు గిన్నె ఎత్తుకుని లేచింది. కుక్కలను కాలవ వైపు తీసుకుపోవాలని ఆమె ఆలోచన. కానీ పాట అటు కదిలితే బాతులూ అటే తోసుకుంటాయి. అందుకని నాలుగడుగులు వేసి నోరు మూసుకుంది.

వెంటనే వల లోపల మెడలు లేచాయి. ముందు కొన్ని, తర్వాత వెనకవన్నీ. సన్నగా గరగర మొదలైంది. తాతయ్య చేతికర్ర పట్టుకుని కుక్కల వైపే చూస్తున్నాడు.

"అబ్బాయా, నువ్వు చెప్పు," అన్నాడు బాతులాయన. "ఏదన్నా సరే. ఆపబాక."

నాకు పాటలు రావు. అప్పట్లో నాకు తప్పులేకుండా వచ్చినవి విజయవాడ బస్సు ఆగే ఊళ్ళ పేర్లే. గిన్నె తాళానికి ఒక్కో ఊరూ చెప్పసాగాను. ఎ.కొండూరు, మైలవరం, జి.కొండూరు, ఇబ్రహీంపట్నం.

"మైలవరంలో టీ తాగనివ్వవా?" అన్నాడు బాతులాయన.

"తాగండి. ఐదు నిమిషాలే ఆగుద్ది," అన్నాను. నా గొంతు ఇంకెవరిదో అనిపించింది.

"పెద్దాయన ఎక్కడ కూర్చున్నాడు?"

"డ్రైవరు వెనక సీట్లో," అన్నాడు తాతయ్య ఎట్టకేలకు. "వీడింకా టికెట్టే కొట్టలేదు."

అలా మాటల్లోనే విజయవాడ దాకా వెళ్ళి మళ్ళీ తిరువూరు వైపు బయల్దేరాం. చీకట్లో కుక్కలు గుర్రుమంటూ కలబడిన చప్పుడు వినిపించింది. ఆమె ఎక్కడుందో కనిపించలేదు. బాతులాయన అటు తిరగను కూడా లేదు. ఆయన మెడ మీద నరం ఉబ్బి ఉంది. వేళ్ళు మాత్రం అదే తాళం వేస్తున్నాయి. మెడలు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

మేం మైలవరం దాటేసరికి ఆమె వట్టి చేతులతో వచ్చింది. పులుసు కాలవ అవతల పెట్టేసి వచ్చానని, తిన్నాక కుక్కలు ఊళ్ళోకి పోయాయని మెల్లగా చెప్పింది.

"గిన్నేది?" అన్నాడాయన.

"నువ్వెళ్ళి అడుగు, ఇస్తాయి."

ఆ మాట అనేసి పాటను వదిలిన చోట అందుకుంది. గొంతులో జీర లేదు. నేనిచ్చిన మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్నప్పుడు మాత్రం ఆమె చెయ్యి వణికిన తీరుకు సగం నీళ్ళు చీర మీద ఒలికాయి. ఆమె దాన్ని దాచుకోలేదు. రెండో చెయ్యి ఆనించి, మిగిలిన నీళ్ళు చరణానికీ చరణానికీ మధ్య తాగింది. ఒక్క బాతు పోలేదు. ఆ పూట వాళ్ళ కూర మా ఇంటి నుంచి వెళ్ళింది.

ఇప్పుడు నేను కరెంటు సబ్‌స్టేషన్‌లో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. గాలివాన రోజుల్లో లైను దగ్గర నుంచి ఎవరో ఒకరు కంగారుగా ఫోను చేస్తారు. ఒక్క తప్పు జరిగితే ప్రాణం పోతుందని ఇద్దరికీ తెలుసు. ఏ స్విచ్ తర్వాత ఏ స్విచ్చో మామూలుగా చెబుతాను. నాకు భయం లేదనుకుంటారు కొత్తగా చేరినవాళ్ళు. అవతలి మనిషికి నా గొంతు ఒక్కటే వినిపిస్తుంది. చెయ్యి వణికితే వణకనిస్తాను.