ఇద్దరికి ఒక పరుపు

నిన్న మధ్యాహ్నం మాదాపూర్‌లో వాన పట్టుకుంటే మెట్రో మెట్ల కిందికి పరుగెత్తాను. నా పక్కన ఒకాయన తడిసిన రెయిన్‌కోటు విప్పి దులిపాడు. ఆ రబ్బరు వాసన తగలగానే మా అన్న పడవ నుంచి తెచ్చిన కోటు గుర్తొచ్చి, వాన వెలిసినా కదలలేకపోయాను.

పాతికేళ్ళ కిందటి మాదాపూర్ చూసినవాళ్ళకు తెలుసు, అన్నీ బండరాళ్ళే, మధ్యలో ఒకటీ అరా అద్దాల మేడలు. వాటిలో ఒకదానిలో నేను నేల తుడిచేదాన్ని. చదివింది ఏడో తరగతి, మాట్లాడేది మాత్రం పదిమంది పెట్టు. ఫౌజులో ఉన్న మా అన్న హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకుని, మహాసముద్రం దాటే పందెంలో ఎనిమిదిమందిలో ఒకడిగా వెళ్ళాడు. ఆ పడవ నుంచి రోజూ నాలుగు ముక్కలు ఇంటర్నెట్‌లోకి వచ్చేవి. మా ఆఫీసులో పనిచేసే, కోస్తా నుంచి వచ్చిన ఒక మేడమ్ అన్నం తినే వేళకు నన్ను పిలిచి, వాటిని చదివి తెలుగులో చెప్పేది.

నలుగురు నాలుగు గంటలు పని చేస్తే, మిగతా నలుగురు ఆ నాలుగు గంటలు పడుకోవాలట. పరుపులు నాలుగే, కాబట్టి ఒకరు లేచిన వెచ్చదనంలోనే ఇంకొకరు పడుకోవాలి. సాక్సులు ఆరవు, ఉప్పునీళ్ళకు వేళ్ళు పగిలిపోతాయి, వేడినీళ్ళలో పొడి కలిపి అదే అన్నమనుకుని తింటారు. ఇవన్నీ ఇంట్లో ఎలా చెప్పను? కొండాపూర్‌లో మా కిరాయి గదికి వచ్చి, అన్న పప్పన్నం తిన్నాడని, కంటినిండా నిద్రపోయాడని అమ్మకు గంటసేపు కల్పించి చెప్పేదాన్ని. పరుపు సంగతి ఒక్కటే దాచలేదు. అది విని వదిన నవ్వింది.

“ఇంట్ల మంచం సాలదని రోజు లొల్లి పెట్టెటోడు. మంచిగైంది.”

ఒకరోజు మేడమ్ చదువుతూ చదువుతూ ఆగిపోయింది. తెల్లవారుజాము వంతులో ఒకరు అలకు కొట్టుకుపోయారు, వెతికినా దొరకలేదు, ఇంటివాళ్ళకు కబురందేదాకా పేరు బయటపెట్టరు అని ఉందట. ఆ వంతు మా అన్నదని నాకు తెలుసు. అందులో నలుగురున్నారు కదమ్మా, అప్పుడే ఏమీ అనుకోకు అని మేడమ్ నా చెయ్యి పట్టుకుంది. తుడిచిన నేలనే సాయంత్రం దాకా మళ్ళీ మళ్ళీ తుడిచాను.

ఇంటికి వెళ్తే అమ్మ రోజూలాగే అడిగింది, అన్న ఏం తిన్నాడని. పప్పు అన్నాను. ఇంకో మాట రాలేదు. కూరగాయలు కోస్తున్న వదిన కత్తిపీట పక్కకు జరిపింది.

“గంతేనా? రోజు గంటసేపు చెప్తవు. ఏమైంది, చెప్పు.”

చెప్పేశాను. పొయ్యి మీది అన్నం మాడుతున్నా ఎవరూ లేవలేదు.

మర్నాడు పొద్దున కిరాణా కొట్టుకు ఫోను వచ్చింది. అన్న బతికే ఉన్నాడని ఫౌజు ఆఫీసరు చెప్పాడు. వదిన కొట్టు మెట్ల మీదే కూలబడి నవ్వుతూ ఏడ్చింది, నేను గుప్పెడు చక్కెర తీసి దారిన పోయేవాళ్ళ చేతుల్లో పోశాను. ఆ మధ్యాహ్నమే మేడమ్ పేరు చదివింది. పోయింది మా అన్నతో పరుపు పంచుకున్న మరాఠీ ఆయన, ఇద్దరు పిల్లల తండ్రి. నా వేళ్ళకు చక్కెర ఇంకా జిగటగా అంటుకునే ఉంది.

ఒకే పరుపువాళ్ళు ఒకే వంతులో ఉండరు, మరి ఆయన వంతు అది కాదు కదా అనే అనుమానం అన్న వచ్చేదాకా తీరలేదు. కోటు చిలక్కొయ్యకు తగిలించి, గోడవైపు తిరిగి ఒక్కసారే చెప్పాడు.

“జరం నాకొచ్చింది. వంతు నాది. నువ్వు పండుకో, నేను పోత అన్నడు. మళ్ల పండుకున్న. పరుపు వెచ్చగనే ఉండె.”

ఇప్పుడు సముద్రంలో ఏ పడవ ఎక్కడుందో నా ఫోనులోనే చుక్కలా కనిపిస్తుంది, చదివి చెప్పే మేడమ్‌తో పని లేదు. అన్న పుప్పాలగూడలో అపార్టుమెంటులో ఉంటున్నాడు, ఇద్దరికి చాలినంత పెద్ద మంచం. ఆదివారం మధ్యాహ్నం వెళ్తే, దాని మీద ఒక అంచున ముడుచుకుని కునుకు తీస్తూ ఉంటాడు. ఎవరో తట్టినట్టు లేస్తాడు, దుప్పటి సర్దుతాడు, పక్కకు తప్పుకుని కుర్చీలో కూర్చుంటాడు. వదిన వచ్చి నా పక్కన కూర్చుంటుంది. ఇంత నోరున్న నేనూ ఏమీ అనను. ఆ పరుపు చల్లారేదాకా ముగ్గురం అట్లాగే కూర్చుంటాం.