‘అన్న’ అన్న మాట

ఇది రాసి పెట్టకపోతే ఒక మనిషి చివరిదాకా తన చెవులను తానే అనుమానించుకుంటూ బతుకుతాడు. ఆ అనుమానం పుట్టించింది నేను. ఇన్నేళ్లుగా ఆ బరువు మోస్తున్నాను. మబ్బుల పైకి పోయినా అది తేలిక కాలేదు.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. నేనిప్పుడు కొత్త పైలట్లకు పాఠం చెబుతాను. కాక్‌పిట్‌లో ఇద్దరు ఎట్లా మాట్లాడుకోవాలి, పెద్దవాడు పొరపడుతుంటే చిన్నవాడు ఎట్లా చెప్పాలి అన్నదే ఆ పాఠం. అందులో నా సొంత అనుభవం ఒకటి ఉదాహరణగా చెబుతాను. నేను హెచ్చరించాను, కెప్టెన్‌కు వినపడలేదు అంటాను. మొన్న ప్రణీత అనే అమ్మాయి లేచి అడిగింది: “సర్, ఎంత గట్టిగ చెప్పిండ్రు?” నీళ్లు తాగి వేరే విషయంలోకి పోయాను. ఆ రోజు నుంచి కాలు ఒక్కచోట నిలవడం లేదు.

మాది గద్వాల. మా నాయిన మగ్గం నేసేవాడు. నాకు ఇంగ్లిషు నేర్పింది బడి కాదు, ఊళ్లోని గ్రంథాలయం. విమానాల గురించి దొరికిన పుస్తకమల్లా చదివాను. అర్థం కాకపోతే నిఘంటువు పక్కన పెట్టుకొని మళ్లీ చదివాను. ఇది ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను. ప్రమాదాల మీద రాసినవి చదువుతుంటే ఒక సంగతి మళ్లీ మళ్లీ కనిపించేది: కో పైలట్‌కు తప్పు తెలుస్తుంది, మర్యాద కొద్దీ దాన్ని మెత్తగా చెబుతాడు, మెత్తగా చెప్పింది ఎదుటివాడికి హెచ్చరికలా వినిపించదు. ఆ కో పైలట్ల మీద కోపం వచ్చేది. నేనైతేనా, అనుకునేవాణ్ణి.

నేను క్లాసులో చెప్పే ఆ సంఘటన రోజు కెప్టెన్ రాంచంద్రన్న, కో పైలట్ నేను. వనపర్తి మనిషి. నలుగురిలో ‘సర్’ అనేవాణ్ణి, ఇద్దరమే ఉంటే ‘అన్న’. బయలుదేరే ముందు ఆయనే హెచ్చరించాడు.

“సూడు తమ్మీ, పైకి పోయినంక అన్న గిన్న పక్కకు వెట్టు. తేడ వస్తె తేడ అని చెప్పు. తిట్టినా సరే.”

“నిన్ను తిడితె వదిన ఊకుంటదా అన్నా? మల్లొక్కసారి మీ ఇంట్ల అన్నం గూడ పెట్టది.”

“మల్ల అన్ననే!” అని నవ్వాడు.

దిగే సమయానికి మధ్యాహ్నపు ఎండ. గాలి దిక్కు మార్చుకుంటూ ఉంది. అన్న ఆటోపైలట్ తీసేసి చేత్తో నడుపుతున్నాడు. అంకెలు చూస్తూ ఉండటం నా పని. వేగం ఉండాల్సినదాని కన్నా తగ్గుతోంది. అప్పుడు నేను అనాల్సింది ఒక్కటే మాట, ‘స్పీడ్’. జవాబు రాకపోతే మళ్లీ అనాలి. అప్పటికీ సర్దుకోకపోతే, దిగొద్దు, మళ్లీ పైకి లేపమని చెప్పాలి. నిద్రలో లేపి అడిగినా ఇదంతా చెప్పగలను. మరి నేనేమన్నాను?

“గాలి జర తేడగున్నట్టుంది గదనే.”

“మన పాలమూరు గాలి ముంగట ఇదెంత తమ్మీ,” అన్నాడు, రన్‌వే మీద నుంచి కళ్లు తిప్పకుండా.

అంకె ఇంకా తగ్గింది. చూస్తూనే ఉన్నాను. నోరెందుకు పెగల్లేదు? తప్పని తెలియకనా? కాదు. భయమా? అదీ కాదు. పది మందిలో నన్ను మా తమ్ముడని చెప్పుకునే మనిషికి వేగం చూసుకోమని నేను చెప్పాలా అనిపించింది. అంతకన్నా నిజం చెప్పాలంటే, ఇంకో క్షణంలో ఆయనే చూసుకుంటాడు, నేను మంచివాడిగా మిగిలిపోతాను అనిపించింది.

విమానం దబ్బున నేలకు తగిలింది. వెనక సీట్లో కూర్చున్న సిబ్బందిలో నిర్మల అనే ఆమె నడుముకు దెబ్బ తగిలింది. కోలుకోవడానికి ఆమెకు నెలలు పట్టింది.

ఇంజన్లు ఆపాక అన్న నా వైపు తిరిగాడు.

“స్పీడ్ అన్నవా తమ్మీ?”

“అన్న...” అన్నాను.

మా వైపు మాట తెలియనివాళ్ల కోసం ఇక్కడ ఆగాలి. ‘అన్నాను’ అనడానికి మేం ‘అన్న’ అనే అంటాం. పెద్దవాణ్ణి పిలిచేదీ ఆ మాటతోనే. ‘అన్నా, నేను చెప్పలేదు’ అనబోయి మొదటి మాట దగ్గరే ఆగిపోయానా? లేక చెప్పానని అబద్ధమే ఆడానా? ఏళ్ల తరబడి ఈ రెండింటి మధ్యే తిరుగుతున్నాను. ఆయన మాత్రం ఒకే అర్థం తీసుకున్నాడు. చెయ్యి నా వైపున్న కుడి చెవి మీదికి పోయింది. “నాకు ఇనవడలె గదరా,” అన్నాడు మెల్లగా.

నేను దిద్దలేదు.

తనిఖీల కోసం విమానానికి కరెంటు ఉంచడంతో, కాక్‌పిట్ మాటలు రికార్డయ్యే పెట్టెలో పాత మాటల మీద కొత్తవి పడిపోయాయి. ఇక నా మాటే సాక్ష్యం. ‘స్పీడ్’ అని హెచ్చరించానని విచారణలో ఇంగ్లిషులో రాసిచ్చాను. ఇంగ్లిషులో ఆ మాటకు రెండు అర్థాలు లేవు. గ్రంథాలయంలో కష్టపడి నేర్చుకున్న భాషలో, ఒక్క అక్షరం తప్పు లేకుండా, అబద్ధం రాశాను.

అన్నను ఎవరూ ఉద్యోగంలోంచి తీసేయలేదు. తనే విమానం నడపడం మానుకున్నాడు. ఒకసారి వనపర్తిలో ఆయన ఇంటికి పోయాను. నేను కూర్చోగానే కుర్చీ తిప్పుకొని ఎడమ చెవి నా వైపు పెట్టాడు.

“దవాఖానల మిషిన్లు వెట్టి సూసిండ్రు. చెవు మంచిగనే ఉందంటరు. మరి ఆ దినం నీ మాట నాకెందుకు ఇనవడలె తమ్మీ? ఇనవడని మనిషి అంతమందిని ఎన్క కూసోవెట్టుకోవద్దు గద.”

“ఇంజన్ల సప్పుడు అన్నా,” అన్నాను. అది రెండో అబద్ధం.

“చాయ్ తాగుతవా మర్దీ?” అని వదిన లోపలి నుంచి అరిచినట్టే అడిగింది. ఆ ఇంట్లో అందరూ గట్టిగా మాట్లాడటం అలవాటు చేసుకున్నారు.

తర్వాత చాలాసార్లు చెప్పడానికే బయలుదేరాను. వనపర్తి దారిలో బీచుపల్లి వంతెన దాటుతాను. పెబ్బేరులో బండి ఆపుతాను. అక్కడి నుంచి వెనక్కి తిరుగుతాను. నోటితో చెబితే మళ్లీ ‘అన్నా’ అనే మొదలుపెడతాను, అక్కడే ఆగిపోతాను. అందుకే రాస్తున్నాను. క్షమించమని కాదు. ఈ కాగితం ముందు ఆయనకు చేరుతుంది, తర్వాత విచారణ చేసినవాళ్లకు, ఆ తర్వాత నా క్లాసుకు. ఏమవుతుందో తెలియదు. కానీ ఇంత రాశాక మొదటిసారి ఊపిరి పూర్తిగా లోపలికి పోయింది.

ఇక్కడిదాకా తెచ్చినవాళ్లను తలచుకోవాలి. గ్రంథాలయంలో కిటికీ పక్క కుర్చీ ఎప్పుడూ నాకోసం ఉంచిన బాలమణెమ్మకు, నొప్పిలో కూడా నన్ను అనుమానించని నిర్మలకు, అడగాల్సింది అడిగిన ప్రణీతకు, ఇన్నేళ్లు నా మూలంగా గొంతు చించుకున్న వదిన సుజాతకు కృతజ్ఞతలు. రాంచంద్రన్నకు కూడా.

అన్నా, నీ చెవులు మంచిగనే ఉన్నయి. నేను స్పీడ్ అనలె.